చౌడు నేల – మట్టి రేణువుల పొత్తు
(యాదగిరిగుట్టలో రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు మీతో మట్టిని గురించి, అందులోను కంటికి కనబడని మిక్కిలి సన్నని మట్టి రేణువులను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. విత్తనాలను గురించి, ఎరువులను గురించి, పురుగు మందులను గురించి మీరు తరచుగా వింటూనే ఉన్నారు. అయితే వేసిన ఎరువు పైరుకు అందవలెనన్నా, పెట్టిన నీరు వేళ్ల వరకు దిగవలెనన్నా, మొలక నేలను చీల్చుకొని పైకి రావలెనన్నా ముందుగా ఈ సన్నని రేణువులు ఒకదానితో ఒకటి పొత్తుగా ఉండవలెను. అవి పొత్తు చెడి ఎక్కడివక్కడ విడిపోయిన నేలనే మనం కారు చౌడు అంటున్నాము. ఆ పొత్తు ఎట్లా కుదురుతుందో, ఎందుకు చెడుతుందో, చెడినదానిని మళ్లీ ఎట్లా కలుపవచ్చునో తెలిసికొన్నట్లయితే చౌడు బాగుకు పెట్టే ప్రతి రూపాయీ సార్థకమవుతుంది. తెలియకుండా పెట్టిన రూపాయి నీళ్లలో పోసినట్లే.

తేరే నీరు – తేరని నీరు

తొలకరిలో పెద్ద వాన పడినప్పుడు రాయగిరి చెరువులోకి గాని, మీ ఊరి కుంటలోకి గాని వచ్చే నీరు ఎర్రగా ఉండుట మీ అందరికీ తెలిసినదే. ఆ నీటిని ఒక గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి. ఇసుక చూస్తుండగానే అడుగుకు పడుతుంది. ఒండ్రు మెల్లమెల్లగా దిగుతుంది. పైన మిగిలిన ఎర్రదనం మాత్రం మరునాటికి కూడా పోదు.

దీనికి మొదటి కారణం రేణువుల పరిమాణము. 0.02 మిల్లీమీటరు కంటె పెద్ద రేణువును ఇసుక అనీ, 0.02 నుండి 0.002 మిల్లీమీటరు వరకు ఉన్నదానిని ఒండ్రు అనీ, అంతకంటె చిన్నదానిని బంకమన్ను అనీ నేల శాస్త్రంలో వ్యవహరిస్తారు. 0.02 మిల్లీమీటరు రేణువు నిలకడ నీటిలో 10 సెంటీమీటర్ల లోతు దిగడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. అందులో పదోవంతు ఉన్న రేణువుకు అదే లోతు దిగడానికి 8 గంటలు కావలెను. అనగా పరిమాణము పదోవంతైతే కాలము నూరు రెట్లు అవుతున్నది. ఇంకొక పదోవంతు చిన్నదైతే లెక్క ప్రకారము నెల దాటుతుంది. నిజానికి అంత చిన్న రేణువు ఆ లెక్కకు కూడా లొంగదు. నీటి అణువులు నాలుగు దిక్కుల నుండి ఎడతెగక తాకుతూ దానిని అటూ ఇటూ నెడుతూనే ఉంటాయి. పుప్పొడిలోని సన్నని రేణువులు నీటిలో ఈ విధంగా చిందులాడుతుండగా 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో చూచినాడు. గంజి, జిగురు వంటి పదార్థాలకు 1861లో తామస్ గ్రాహం అనే రసాయనజ్ఞుడు, జిగురు అనే అర్థం గల గ్రీకు మాటను తీసుకొని 'కొలాయిడ్' అని పేరు పెట్టినాడు. సన్నని బంకమన్ను కలిసిన నీరు కూడా ఈ జాతిలోనిదే.

మరి ఆ ఎర్ర నీటిలోనే పటిక ముక్కను నాలుగు చుట్లు తిప్పి వదిలినట్లయితే ఏమవుతుంది? కొంతసేపటికి నీరు తేటపడుతుంది. మన పెద్దలు చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీరు పోసి తేర్చుకొనేవారు. మునగ గింజల పొడి కూడా ఈ పని చేస్తుంది. పటిక గాని, గింజ గాని రేణువు బరువును పెంచలేదు. విడివిడిగా ఉన్న రేణువులను గుంపులుగా కట్టినవి. గుంపు కట్టిన రేణువులు పెద్ద రేణువు వలె త్వరగా దిగినవి. (తేరిన నీటిలో రోగక్రిములు చచ్చిపోవని మాత్రం మరువవద్దు. త్రాగడానికి కాచి చల్లార్చవలసినదే.)

కనుక నీరు తేరుట, తేరకపోవుట రేణువు పరిమాణం మీదనే గాక, రేణువులు కలిసి ఉన్నవా, విడిపోయి ఉన్నవా అనే దానిమీద కూడా ఆధారపడి ఉన్నది. సీసాలో జరిగినదే మన పొలంలోనూ జరుగుతున్నది. బంకమన్ను గుంపులు కట్టి ఉంటే గుంపుకూ గుంపుకూ మధ్య సందులుంటాయి. ఆ సందులలో నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది, వేరు పారుతుంది. బంకమన్ను విడిపోయినట్లయితే ఆ రేణువులే వెళ్లి సందులను పూడ్చివేస్తాయి.

రేణువులు ఒకదానినొకటి ఎందుకు తోస్తాయి?

బంకమన్ను రేణువు బంతి వలె గుండ్రంగా ఉండదు. కాగితపు పొరల వలె పలుచగా, చదునుగా ఉంటుంది. అందువలన దాని ఉపరితలము మనం ఊహించలేనంత ఎక్కువ. రేగడి నేలలోని బంకమన్ను ఒక్క గ్రాము తీసుకొని అన్ని పొరలూ విప్పి పరచగలిగినట్లయితే 600 నుండి 800 చదరపు మీటర్లు వస్తుంది. అనగా మన లెక్కలో 6 నుండి 8 గుంటల నేల! ఎర్ర చల్కలలోని బంకమన్ను వేరు రకము. దానికి గ్రాముకు పాతిక చదరపు మీటర్ల లోపుగానే ఉంటుంది. రేగడి ఎందుకు ఉబ్బి పగులుతుందో, చల్క ఎందుకు అట్లా చేయదో ఇందువలన కొంత బోధపడుతుంది.

ఈ పొరల ముఖాల మీద ఋణ విద్యుత్తు ఉంటుంది. ఋణ విద్యుత్తు గల రెండు రేణువులు దగ్గరకు వస్తే ఒకదానినొకటి తోసుకొంటాయి. అయితే రేణువు ఎన్నడూ ఒంటరిగా ఉండదు. నీటిలో కరిగిన లవణాలలోని కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం మొదలైనవి ధన విద్యుత్తు కలవి గనుక, అవి రేణువు చుట్టూ మూగి ఒక పొగమంచు వలె కప్పుకొని ఉంటాయి. ఈ కప్పు మందముగా ఉన్నదా, పలుచగా ఉన్నదా అన్నదే అసలు కీలకము.

ఒక పోలిక చెబుతాను. ఇద్దరు మనుషులు దళసరి గొంగళ్లు వదులుగా కప్పుకొని ఇరుకు సందులో ఎదురుపడితే గొంగడికి గొంగడి అడ్డుపడి దగ్గరకు రాలేరు. అదే ఇద్దరూ ఒంటికి అతుక్కొన్న పలుచని పంచెలు కట్టుకొని ఉంటే భుజం భుజం కలిపి నిలువగలరు. సోడియం దళసరి గొంగడి వంటిది. దానికి ఉన్నది ఒక్క పాలు విద్యుత్తు. అందువలన రేణువును వదులుగా చుట్టుకొని దూరము వరకు వ్యాపిస్తుంది. కాల్షియం పలుచని పంచె వంటిది. దానికి రెండు పాళ్ల విద్యుత్తు ఉన్నది గనుక రేణువును గట్టిగా పట్టుకొని దగ్గరగా కూర్చుంటుంది. పటికలోని అల్యూమినియానికి మూడు పాళ్లు. అది ఇంకా గట్టిది.

తోసుకొనే బలంతో పాటు రేణువుల మధ్య దగ్గరకు లాగే బలము కూడా ఒకటి ఉన్నది. అది అతి దగ్గరగా వచ్చినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. గొంగడి దళసరిగా ఉంటే రేణువులు అంత దగ్గరకు రానే రావు. గొంగడి పలుచబడితే లాగే బలముదే పైచేయి అయి రేణువులు అతుక్కొంటాయి. ఈ రెండు బలాల లెక్కను 1941లో రష్యాలో డెర్యాగిన్, లాండౌ అనే శాస్త్రజ్ఞులూ, 1948లో హాలెండులో వెర్వే, ఓవర్‌బెక్ అనేవారూ వేర్వేరుగా తేల్చి చెప్పినారు. దానికి చాలా ముందే, 1882లో షుల్జే, 1900లో హార్డీ అనేవారు, లవణంలోని ధన విద్యుత్తు పాళ్లు పెరిగిన కొద్దీ నీటిని తేర్చుటకు కావలసిన లవణము ఎన్నో రెట్లు తగ్గిపోతుందని ప్రయోగాలలో కనిపెట్టినారు. సిద్ధాంతరీత్యా వేసిన ఒక లెక్క ప్రకారము సోడియం 64 పాళ్లు చేసే పనిని కాల్షియం 1 పాలు చేస్తుంది. నిజమైన మట్టిలో ఈ నిష్పత్తి మారుతూ ఉన్నా, కాల్షియందే ఎప్పుడూ పైచేయి.

మరొక సంగతి కూడా గమనించవలెను. నీటిలో లవణాల మొత్తము బాగా పెరిగినట్లయితే, అది సోడియం లవణమే అయినా సరే, గొంగడి నలిగి పలుచబడుతుంది. కృష్ణా, గోదావరి నదుల బురద నీరు సముద్రపు ఉప్పు నీటిని కలిసేచోట సన్నని బంకమన్ను గుంపులు కట్టి దిగిపోవడానికి ఈ ఉప్పే తోడ్పడుతున్నది.

ఇప్పటి దాకా చెప్పినదానిని రెండు సూత్రాలుగా జ్ఞాపకముంచుకొనండి. మొదటిది: రేణువు మీద కాల్షియం కూర్చుంటే పొత్తు, సోడియం కూర్చుంటే పోరు. రెండవది: నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నంత కాలము సోడియం చేసే చెరుపు బయటపడదు. ఉప్పులేని వాన నీరు పడినప్పుడే బయటపడుతుంది.

చౌడు రెండు విధములు

ఈ రెండు సూత్రాలతో చౌడు నేలలను చూస్తే చిక్కు విడిపోతుంది. పాల చౌడులో పైకి తెల్లని ఉప్పు పేరుకొని ఉంటుంది. లవణాలు ఎక్కువ గనుక రేణువులు గుంపులుగానే ఉంటాయి, నీరు దిగుతూనే ఉంటుంది. పైరు దెబ్బతినేది ఉప్పు వలన. ఇటువంటి నేలలో విద్యుత్ వాహకత 4 డెసిసైమన్లకు మించి, ఉదజని సూచిక 8.5కు లోపుగా ఉంటుంది. కారు చౌడులో కరిగే ఉప్పు తక్కువ. కాని మట్టి రేణువులు పట్టి ఉంచుకొన్న కాల్షియం, సోడియం మొదలైనవాటిలో నూటికి 15 పాళ్లకు మించి సోడియమే ఉంటుంది. ఉదజని సూచిక 8.5 దాటుతుంది. తడిస్తే జారుడు, ఎండితే రాయి. వాన కురిస్తే నీరు దిగక రోజుల తరబడి మురికిగా నిలుస్తుంది. విడిపోయిన బంకమన్నుతో పాటు కుళ్లిన ఆకు అలములోని పదార్థము కూడా కరిగి పైకి రావడం చేత నేల నల్లగా కనబడుతుంది. వెనుకటి రోజులలో బట్టలు ఉతకడానికి తెచ్చుకొన్న చౌడు మన్నులోని జారుడుకూ ఈ సోడియం లవణాలే కారణము.

ఇక్కడ ఒక ప్రమాదమున్నది. పాల చౌడును కడిగితే బాగుపడుతుందని విని, కొందరు మంచి నీరు పెట్టి ఉప్పును కడిగివేస్తారు. ఆ నేలలో కాల్షియం చాలినంత ఉంటే మేలే జరుగుతుంది. లేకపోతే ఉప్పు పోతుంది, రేణువుల మీది సోడియం మాత్రం మిగులుతుంది. నలిగి ఉన్న గొంగడి మళ్లీ విచ్చుకొంటుంది. నిన్నటి వరకు నీరు దిగిన నేల ఒక్క వానాకాలంలో బిగిసిపోతుంది. పాల చౌడు కారు చౌడు అయినది. అందుచేత ఏ చౌడో తెలియకుండా ఏ వైద్యమూ మొదలుపెట్టరాదు.

మన బావుల నీరు

భువనగిరి కోట నిలిచిన ఏకశిలను మీరంతా చూచినారు. మన ప్రాంతంలో నేల అడుగున పరచుకొని ఉన్నది ఎక్కువగా ఇటువంటి గ్రానైటు జాతి రాయే. ఈ రాతిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజము యుగాల తరబడి చివికి నీటిలోకి సోడియాన్ని, బైకార్బొనేటును వదులుతుంది. బైకార్బొనేటు ఎక్కువైన బావి నీరు పొలంలో ఆవిరి అయినప్పుడు, అందులోని కాల్షియం సున్నపు రాయిగా మారి పక్కకు తొలగిపోతుంది. మిగిలిన సోడియానికి ఎదురు ఉండదు. అది రేణువుల మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఇది ఒక్క ఏడాదిలో కనబడే నష్టము కాదు. పది పంటలు బాగానే వస్తాయి. పదకొండవ పంటకు నేల బిగిసినట్లు తోస్తుంది. బావి నీటితో పారించినంత కాలము ఆ నీటిలోని ఉప్పే రేణువులను కొంతవరకు పట్టి ఉంచుతుంది. పెద్ద వాన పడిన రోజున నేల పాలవలె విరిగిపోతుంది. "యాసంగిలో బాగానే ఉన్న నేల వానకాలంలో ఎందుకు ఇట్లా అయినది?" అని అడిగే రైతులకు ఇదే జవాబు. పట్టణపు మురుగు కలిసిన మూసీ నీరు పారే బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ వైపు పొలాలలో కూడా ఈ విషయంలో జాగ్రత్త అవసరము. మురుగు నీటిలో పైరుకు పనికివచ్చే నత్రజనితో పాటు సోడియం కూడా వస్తుంది.

ఇంకొక మాట. నల్లగొండ పేరు వినగానే ఫ్లోరైడు జ్ఞాపకం వస్తుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి చాలావరకు రాయిగా నిలిచిపోతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేటు ఎక్కువైన నీటిలోనే ఫ్లోరైడు స్వేచ్ఛగా తిరుగుతుంది. కాబట్టి పొలాన్ని చౌడు చేసే నీరూ, ఎముకలను వంచే నీరూ చాలా చోట్ల దగ్గరి చుట్టాలే. ఈ ఫ్లోరైడును తొలగించడానికి 1970 దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు వచ్చినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి తగు పాళ్లలో కలిపి నెమ్మదిగా తిప్పితే దూదిపింజల వంటి గుంపులు ఏర్పడతాయి. ఫ్లోరైడు వాటికి పట్టుకొని అడుగుకు దిగుతుంది. పటిక పాళ్లు నీటిని బట్టి మారుతాయి గనుక ఇది నీటి పరీక్ష చేయించి చేయవలసిన పని. త్రాగు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. నదీ జలాలను తేర్చి ఇళ్లకు పంపే శుద్ధి కేంద్రాలలో జరిగేది కూడా మనము చెప్పుకొంటున్న ఈ పొత్తు కుదిర్చే పనే.

మీ నేలను మీరే చూచుకొనుట

ప్రయోగశాలకు మట్టిని పంపే ముందు ఇంటి వద్దనే రెండు పరీక్షలు చేయవచ్చును. రెండింటికీ వాన నీరు గాని, బ్యాటరీలో పోసే శుద్ధజలము గాని వాడవలెను. బావి నీరు వాడితే అందులోని ఉప్పు లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

మొదటిది గడ్డ పరీక్ష. 1967లో ఎమర్సన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చినది. శనగ గింజంత ఎండిన మట్టి గడ్డను గాజు గ్లాసులోని నీటిలో మెల్లగా విడిచి, కదపకుండా రెండు గంటలు చూడండి. గడ్డ చుట్టూ పాలవంటి మబ్బు కమ్మితే రేణువుల పొత్తు చెడినట్లు, సోడియం ఉన్నదని అనుమానించవలెను. గడ్డ విరిగి కుప్పగా కూలినా నీరు తేటగానే ఉంటే సోడియం దోషము కాదు, నేలలో పశువుల ఎరువు చాలదని అర్థము. గడ్డ గడ్డగానే నిలిచి నీరూ తేటగా ఉంటే ఆ నేల ఆరోగ్యముగా ఉన్నది.

రెండవది మూడు సీసాల పరీక్ష. ఒకే కొలత గల మూడు సీసాలలో పిడికెడు పిడికెడు పొలం మట్టి వేసి, వాన నీరు పోయండి. మొదటి సీసాలో ఏమీ కలుపవద్దు. రెండవదానిలో ఒక చెంచా ఉప్పు, మూడవదానిలో ఒక చెంచా జిప్సం పొడి వేయండి. మూడింటినీ బాగా కుదిపి పక్కన పెట్టండి. మొదటి సీసా మురికిగానే ఉంటే, ఉప్పు వేసినదీ, జిప్సం వేసినదీ తేరుతాయి. ఇంతటితో ఆగిపోతే ఉప్పు కూడా మందే అనుకొని మోసపోతాము. తేట నీటిని మెల్లగా వంపివేసి, మళ్లీ వాన నీరు పోసి కుదపండి. ఇట్లా మూడు నాలుగు సార్లు కడగండి. ఉప్పు వేసిన సీసా మొదటిదానికంటె అన్యాయంగా మురికి పట్టి తేరకుండా ఉంటుంది. జిప్సం వేసినది ప్రతిసారీ తేరుతూనే ఉంటుంది. ఉప్పు సీసాలో రేణువుల మీదికి సోడియం ఎక్కినది, జిప్సం సీసాలో కాల్షియం ఎక్కినది. నేల బాగుపడుట అంటే ఈ తేడాయే.

చౌడు మందు అని ఎవరైనా పొడి గాని, ద్రవము గాని అమ్మ వస్తే ముందు ఈ విధంగా సీసాలో వేసి, కడిగి చూడండి. ఒక్కసారి తేరినంత మాత్రాన నమ్మవద్దు. కడిగిన తరువాత కూడా తేరితేనే దానిని గురించి ఆలోచించవలెను.

కారు చౌడును బాగుచేయు విధము

1. మట్టిని, నీటిని పరీక్ష చేయించుట: ఇంటి పరీక్ష దోషమున్నదని చెబుతుంది గాని, ఎంత ఉన్నదో చెప్పదు. దానికి భూసార పరీక్ష కేంద్రమే దిక్కు. పొలంలో పలుచోట్ల తీసిన మట్టిని కలిపి, దానితో పాటు బావి నీటిని కూడా పంపండి. పాల చౌడులో కాల్షియం చాలినంత ఉన్నచోట జిప్సం వేయుట డబ్బు దండుగ.

2. నీరు పోయే దారి: జిప్సంలోని కాల్షియం రేణువు మీదికి ఎక్కగానే అక్కడి సోడియం దిగి నీటిలో కరుగుతుంది. ఆ నీరు పొలం వదిలి పోవలెను. పోనట్లయితే ఎండకు మళ్లీ పైకి వచ్చి మొదటికి వస్తుంది. కాబట్టి జిప్సం కొనే ముందే మురుగు కాలువ తీయవలెను.

3. జిప్సం మోతాదు: 100 గ్రాముల మట్టిలో ఉన్న ఒక్కొక్క మిల్లీ ఈక్వివలెంటు సోడియాన్ని 15 సెంటీమీటర్ల లోతు వరకు తొలగించడానికి ఎకరాకు సుమారు 8 క్వింటాళ్ల స్వచ్ఛమైన జిప్సం కావలెను. జిప్సంలో కల్తీ ఉంటే ఆ మేరకు పెరుగుతుంది. పొలాన్ని చదును చేసి, గట్లు వేసి, జిప్సం పొడిని సమముగా చల్లి, పై 10 సెంటీమీటర్ల మట్టిలో మాత్రమే కలియదున్నవలెను. లోతుగా దున్ని అడుగుకు పంపితే పై మట్టికి దాని బలము అందదు.

4. నీరు నిలిపి కడుగుట: లీటరు నీటిలో కరిగేది రెండు రెండున్నర గ్రాముల జిప్సం మాత్రమే. కనుక దానికి నీరూ కావలెను, వ్యవధీ కావలెను. తొలకరికి ముందే చల్లి, పది పదిహేను రోజులు నీరు నిలువగట్టి, ఆ తరువాత మురుగు తీయవలెను. వాన నీరు దీనికి ఎంతో మేలైనది.

5. పచ్చిరొట్ట, వరి: జీలుగ చౌడును తట్టుకొంటుంది. దానిని పెంచి పూతకు ముందు కలియదున్నితే, కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు నేలలోని సున్నపు గులకలను కరిగించి కాల్షియాన్ని ఇస్తాయి. బాగుచేసిన నేలలో తొలి పంటగా వరి మంచిది. ముదురు నారును కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టి నాటవలెను. ఇట్టి నేలలలో జింకు లోపము సాధారణము గనుక జింకు సల్ఫేటును మరువరాదు.

6. సున్నము వేయరాదు: సున్నంలోనూ కాల్షియమే ఉన్నది గదా అని కొందరు అడుగుతారు. ఉన్నది. కాని కారు చౌడులో ఆ సున్నము కరగదు. పైగా పొడిసున్నము నేల క్షారగుణాన్ని మరింత పెంచుతుంది. సున్నము ఆమ్ల నేలలకు, జిప్సం చౌడు నేలలకు.

7. నీటికి చికిత్స: నేలను బాగుచేసి అదే బావి నీటిని పారిస్తే కొన్నేళ్లకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. పరీక్ష పత్రంలో మిగులు సోడియం కార్బొనేటు అనే అంకె చూడండి. లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపైతే భయం లేదు. 2.5 దాటితే ఆ నీటిని నేరుగా వాడరాదు. ఒక ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇచ్చినప్పుడు, తగ్గించవలసిన ఒక్కొక్క మిల్లీ ఈక్వివలెంటుకు సుమారు 17 కిలోల జిప్సం పడుతుంది. మాటవరుసకు 5 ఉన్న అంకెను 2.5కు దించవలెనంటే తడికి 43 కిలోలు, పది తడులకు నాలుగు క్వింటాళ్ల పైచిలుకు. కాలువ మొదట్లో చిన్న తొట్టి కట్టి జిప్సం గడ్డలు నింపి, నీటిని వాటి మీదుగా పారించవచ్చును. వీలున్నచోట చెరువు నీటిని, బావి నీటిని కలిపి గాని, మార్చి మార్చి గాని పారించుట ఇంకా చౌక.

చల్క నేలలకు రెండు మాటలు

చౌడు లేని చల్కలలో సోడియం బాధ లేకపోయినా పొత్తు చెడుట వేరొక దారిన జరుగుతుంది. పెద్ద వాన చినుకు సెకనుకు 30 అడుగుల వేగంతో వచ్చి నేలను తాకుతుంది. వాన నీటిలో ఉప్పు లేదు. నేలలో ఎరువు లేదు. దెబ్బకు మట్టి గుంపులు పగిలి, విడిపోయిన రేణువులు పై సందులను మూసివేస్తాయి. ఎండ కాయగానే అది పెచ్చు కడుతుంది. విత్తిన ఆముదము, జొన్న, పత్తి మొలకలు ఆ పెచ్చు క్రింద మెడలు వంచుకొని చస్తాయి. రెండవ విత్తనము కొనవలసి వస్తుంది.

దీనికి విరుగుడు పశువుల ఎరువు. ఎరువు కుళ్లేటప్పుడు నేలలోని సూక్ష్మజీవులు జిగురు వంటి పదార్థాన్ని పుట్టిస్తాయి. ఆ జిగురు రేణువులను కట్టి ఉంచుతుంది. ఇది కాల్షియం పొత్తుకు మరొక కట్టు వంటిది. దుక్కిని పిండి వలె మెత్తగా చేయవద్దు. చిన్న చిన్న గడ్డలు ఉండనివ్వండి. విత్తిన తరువాత వాన పడి పెచ్చు కట్టినట్లయితే, మొలక రాకముందే తేలికగా ముళ్లకంప లాగి పెచ్చును విరవండి. చెత్త, జొన్న చొప్ప వంటివి సాళ్ల మధ్య పరచినట్లయితే చినుకు దెబ్బ నేలకు తగలదు.

బంకమన్ను తక్కువైన దుబ్బ నేలలకు చెరువు మట్టి తోలుట మన తాతల నాటి పద్ధతి. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు ఎందరో రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకొన్నారు. ఆ పద్ధతి మంచిదే. అయితే పైన చౌడు పొలాలున్న చెరువులోకి కొట్టుకొని వచ్చిన మట్టిలో సోడియం కూడా ఉండవచ్చును. ఒక బండి తోలే ముందు ఒక గడ్డను గ్లాసులో వేసి చూడండి. పాలవంటి మబ్బు కమ్మితే ఆ మట్టిని పరీక్ష చేయించకుండా తోలవద్దు.

వరి దమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పవలెను. దమ్ములో మనము కావాలనే రేణువులను విడదీస్తాము. అవి సందులను పూడ్చి నీటిని నిలుపుతాయి. దమ్ము చేసిన వెంటనే మడి నీటిని బయటికి వదిలినట్లయితే మన పొలంలోని మేలైన బంకమన్ను కూడా ఆ నీటితోనే పోతుంది. నీరు తేరిన తరువాతనే నాట్లు, నీటి మార్పిడి చేయవలెను. మడి నీరు రెండు మూడు రోజులకు కూడా తేరకపోతే అది నేల మనకు ఇస్తున్న హెచ్చరిక అని గ్రహించి, ఆ మడి మట్టిని పరీక్షకు పంపండి.

సోదరులారా, నేలను చూచి పంట వేయుట మీకు నేను చెప్పవలసిన పని లేదు. నిలిచిన నీటిని చూచి నేలను తెలిసికొనుట కూడా అలవాటు చేసికొనండి. ఇంటికి వెళ్లగానే పొలంలో బాగున్న చోట నుండి ఒక గడ్డ, బాగులేని చోట నుండి ఒక గడ్డ తెచ్చి, రెండు గ్లాసుల వాన నీటిలో వేసి చూడండి. ఏ గ్లాసులో మబ్బు కమ్మినదో, ఆ మట్టిని సంచిలో కట్టి, పొలం గుర్తు వ్రాసి, బావి నీటి సీసాతో సహా భూసార పరీక్ష కేంద్రానికి ఇవ్వండి. ఫలితాల పత్రము చేతికి వచ్చిన తరువాతనే జిప్సం కొనండి. చౌడు ఒక్క ఏడాదిలో రాలేదు, ఒక్క ఏడాదిలో పోదు. కాని రేణువుల మీద కాల్షియం నిలిచి, సోడియం పోవుటకు దారి ఏర్పడినట్లయితే తప్పక పోతుంది.